గాలి బాగున్న రోజు

డ్రైవరన్న పోయాడని దజీజ్ గోడౌన్లలో ఆయనతో పనిచేసే రాజోలు మనిషి ఫోన్ చేసి చెప్పాడు. శుక్రవారం భోంచేసి నడుం వాల్చినవాడు సాయంత్రం టీకి లేపితే లేవలేదట. నేనప్పుడు ఉల్లిపాయలు వేయిస్తున్నాను. పొయ్యి కట్టేయాలన్న ధ్యాస కూడా లేకపోయింది. మాడువాసనకి మామా, అంటే మా యజమానురాలు, పై నుంచి అరుచుకుంటూ దిగింది. సంగతి విని అరవడం మానేసి, వంటింటి స్టూలు మీద కూలబడి, "సాయిక్ మాత్?" అంది. డ్రైవరు చనిపోయాడా అని. సబా అల్ సలేంలోని ఈ అరబ్బుల ఇంట్లో ఆయన పనిచేసిన అన్నేళ్ళూ ఆవిడ ఆయన్ని సాయిక్ అనే పిలిచింది. ఇక్కడ ఎవరూ ఆయన్ని పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. నేనూ అన్నా అనే అన్నాను. ఇప్పుడు పేరు రాస్తే ఎవరో పరాయివాడి గురించి రాసినట్టు ఉంటుంది, అందుకని రాయను.

ఆయనది కోనసీమ, నాది రాయచోటి పక్కన పల్లె. ఆయన కాలవ గట్టు మీద పుట్టాడు. నేను ట్యాంకరు దగ్గర బిందెల కోసం జుట్లు పట్టుకునే వీధిలో పుట్టాను. నేను వంటకి, ఆయన బండికి. ఇద్దరం తెలుగువాళ్ళమే అయినా మొదటి నెలంతా ఒకరి మాట ఒకరికి తిన్నగా అర్థం కాలేదు. నేను "యాడికి పోతాండావు నా" అంటే ఆయన నవ్వేవాడు. ఆయన "అలా ఎల్లొత్తానమ్మా" అంటే నేను నవ్వేదాన్ని.

తెల్ల యూనిఫాం చొక్కా మీద కూడా భుజాన తువ్వాలు వేసుకునేవాడు. మామా కోప్పడితే తీసి వెనక జేబులో కుక్కుకున్నాడు, తోకలా కొంచెం బయటికి వేలాడుతూనే ఉండేది. బండి తీసే ముందు చిటికెడు మట్టి వేళ్ళతో తీసి వదిలేవాడు, గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి. పిల్లల్ని బడికి దింపడానికి గాలితో పనేమిటని అడిగితే, "పనుండే చూడాలేటమ్మా" అనేవాడు. ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన చేప తీస్తే దూరం నుంచే ముఖం తిప్పుకునేవాడు. "అది చేప కాదమ్మా. చేప ఫోటో," అనేవాడు. కాని వండిపెడితే ఆ ఫోటోనే ముల్లు ముల్లు వేరుచేసి, ప్లేటు కడిగినంత శుభ్రంగా తినేవాడు.

ఈ ఇంట్లో పెద్ద బాబా అని మామావాళ్ళ మామగారు ఉండేవాడు. వయసులో ఇంగ్లండులో చదువుకున్నాడట. అక్కడ ఏదో పల్లెలో సుద్దనేల మీద పారే ఏరు ఉంది. ఆ ఏటి నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున నాచుపోచల మధ్య మచ్చల చేప తోకాడించడం గట్టు మీద నుంచే కనిపిస్తుంది. కాళ్ళు ఆడినన్నాళ్ళు ఏటా వేసవికి అక్కడికి వెళ్ళి గేలం వేసి వచ్చేవాడు. తర్వాత పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో పడ్డాడు. దాని వెనకే మతిమరుపు వచ్చింది. మనవళ్ళ పేర్లు పోయాయి, భార్య పోయిన సంగతి పోయింది. ఆ ఏరు మాత్రం పోలేదు. రోజూ ఫలహారం కాగానే డ్రైవరన్నని పిలిపించి, ఒక రోజు అక్కడికి వెళ్ళి చేపలు పట్టి రావడానికి ప్లాను వేసేవాడు. రోజూ మొదట్నుంచీ.

నేను ఆ గదిలో టీ ఇచ్చి, గిన్నెలు తీసి, మళ్ళీ ఖహ్వా కాఫీ పెట్టేలోపు ఆ ప్లాను చెవిన పడుతూనే ఉండేది. లండన్ నుంచి చీకటి ఉండగానే బయల్దేరాలి. వంతెన దగ్గర బండి ఆపాలి. చేప ఎప్పుడూ ఎదురు నీటికి ముఖం పెట్టుకుని ఉంటుంది కాబట్టి, దిగువ నుంచి దాని వెనగ్గా నడవాలి. నీడ నీళ్ళ మీద పడకూడదు. తెల్ల చొక్కా పనికిరాదు. చేరగానే కర్ర విప్పకూడదు. మోకాళ్ళ మీద కూర్చుని, చేప పైకొచ్చి నీటిమీద వాలిన ఈగని నోట్లో వేసుకునేదాకా ఊరికే చూడాలి. ఎర లేదు, బెండు లేదు. ఈకా దారమూ చుట్టి ఈగలా చేసిన గేలం, అంతే. గేలం వేసేది బాబా. డ్రైవరన్న చిన్న పిడి వల పట్టుకుని వెనక నిలబడతాడు.

"మా కాలవలో అయితే నీళ్ళు ఎర్రగా ఉంటాయమ్మా. చేపకి మనం కనపడం, మనకి చేప కనపడదు. ఎవడి అదృష్టం వోడిది," అనేవాడు నాతో. "అక్కడ అలా కాదంట. అది మనల్ని చూత్తా ఉంటాదంట. అదీ అసలు పని."

బాబా చేతులు వణకడం మొదలయ్యాక ఈగలు కట్టే పని డ్రైవరన్న మీద పడింది. సెలవుకి ఊరెళ్ళి వస్తూ కోడిపుంజుల మెడ ఈకలు ఒక కవరు నిండా తెచ్చాడు. ఏ వారం ఏ రంగు పుంజు పందెం గెలుస్తుందో వాళ్ళ వైపు ఒక లెక్క ఉంది. ఆ లెక్కే గేలానికీ పెట్టాడు మహానుభావుడు. "బాబా, ఈరోజు డేగ," అనేవాడు, ఎర్ర ఈక చూపించి. మర్నాడు, "ఈరోజు కాకి," అని నల్లది. ఏ కాలంలో ఏ ఈగ వాలుతుందో చూసి కట్టాలని బాబా ఇంగ్లీషులో, అరబ్బీలో, హిందీలో మొత్తుకునేవాడు. డ్రైవరన్న తలూపి మళ్ళీ వారమే చూసేవాడు. చివరికి ముసలాయనకే ఆ పిచ్చి అంటింది. పొద్దున్నే నన్ను చూడగానే వేలెత్తి, "కాకి? డేగ?" అని అడిగేవాడు. కడప పిల్లని, నాకేం తెలుసు పుంజుల సంగతి!

ఇంకో తగువు రోజూ ఉండేది. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేయాలట, అక్కడ అదే పద్ధతి. డ్రైవరన్నకి అది ఎంతకీ మింగుడు పడేది కాదు.

"ఒక్కటి, బాబా. వాహెద్ బస్. ఒక్కటి ఉంచుకుందాం, పులుసెట్టుకుందాం."

"లా," అనేవాడు బాబా. కుదరదని. ఇద్దరూ చిన్నపిల్లల్లా ముఖాలు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. నాకు వంటింట్లో నవ్వాగేది కాదు.

ఇదంతా అయ్యాక బాబా "యల్లా", పద అని కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేవబోయేవాడు. కష్టమంతా అక్కడ వచ్చేది. వెళ్ళలేవని చెబితే ఏడ్చేవాడు. ఒకసారి అలా ఏడ్చి ఊపిరి అందక ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అందుకని మామా ఇంట్లో అందరికీ ఒకే మాట చెప్పింది: "బుక్రా అనండి, రేపు అనండి, చాలు." నర్సు బుక్రా అనేది. నేనూ అనేదాన్ని. ఎవరం అన్నా బాబా నమ్మేవాడు, సాయంత్రానికి మర్చిపోయేవాడు.

డ్రైవరన్న మాత్రం ఉత్తి బుక్రా అనేవాడు కాదు. ఆ ఏరున్న ఊరి వాతావరణం ఫోన్లో పెట్టించుకున్నాడు. ఉదయం మొహం కడగ్గానే అది చూసేవాడు. వాన ఉంటే వాన ఉందని చెప్పేవాడు. గాలి ఎగువ నుంచి వీస్తుంటే, విసిరిన దారం వెనక్కి వచ్చి మొహాన కొడుతుందని చెప్పేవాడు. ఎండ మరీ ఎక్కువైతే చేప నాచులోంచి బయటికి రాదని చెప్పేవాడు. "బాబా, హవా మూ జైన్. గాలి బాగాలేదు. ఈరోజు వొద్దు." బాబా గంభీరంగా తలూపేవాడు. పని తెలిసిన ఇద్దరు మనుషులు కూర్చుని వాయిదా వేసుకున్నట్టు ఉండేది. ఏడుపు లేదు, ఆయాసం లేదు. బుక్రా అని మేమనేది ఆయన్ని ఊరుకోబెట్టడానికి, ఇది మాత్రం మర్యాద. ఆ తేడా నాకు అప్పుడే తెలిసినా, ఆయన్ని ఆటపట్టించడం మానలేదు.

"ఏం నా, ఈ దినమన్నా పోతారా లేదా? మీ కోసరం ఆ చేపలు ముసిలివైపోతాండాయి."

"గాలి కుదరాలి కదమ్మా," అనేవాడు.

చలికాలం ఆయనకి హాయి. గుడ్లు పెట్టే కాలమని అక్కడ చేపలు పట్టనివ్వరు. నెలల తరబడి అదే జవాబు సరిపోయేది. ఇక్కడ ఎండలు మొదలయ్యేసరికి అక్కడ మంచి రోజులు వచ్చేవి, ఆయనకి బెంగ పట్టుకునేది. ఫోన్ చూస్తూ పెదవి కొరుక్కునేవాడు. ఎంత మంచి రోజైనా ఏదో ఒక వంక ఉండేది, ఒక మబ్బో, ఒక జల్లో. రెండు వేసవులు అలా నెట్టుకొచ్చాడు.

మూడో వేసవిలో ఒక పొద్దున వంటింటి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. టీ ఇస్తే తాగలేదు. ఫోన్ నా ముందు పెట్టాడు.

"చూడమ్మా. వాన లేదు. ఎండ మెత్తగా ఉంది. గాలి దిగువ నుంచి ఎగువకి, సన్నగా. ఇలాటి రోజు నేనీ ఫోన్లో ఎప్పుడూ చూళ్ళేదు."

"అయితే ఏంది ఇప్పుడు?"

"ఏం చెప్పాలి ఆయనకి?"

నాకు ఒళ్ళు మండింది. "గాలుందని చెప్పు. వానని చెప్పు. ఆయనేమన్నా పొయ్యి చూసొస్తాడా?"

"ఆయన చూడరమ్మా," అన్నాడు. "నేను చూశాను కదా."

ఇంకో మనిషైతే నేను చెంప పగలగొట్టేదాన్ని. మామాకి చెబుదామా అనుకున్నాను, ఆవిడ నిద్రలేవలేదు. టీ పళ్ళెం పట్టుకుని ఆయన వెనకే గదిలోకి వెళ్ళాను. బాబా తల దువ్వించుకుని సిద్ధంగా ఉన్నాడు. ప్లాను మొదలైంది. చీకటితో బయల్దేరడం, వంతెన, నీడ, తెల్ల చొక్కా, అన్నీ అయ్యాయి. డ్రైవరన్న ఆ రోజు పులుసు మాట ఎత్తలేదు. బాబా గాలి ఎలా ఉందని అడిగాడు.

డ్రైవరన్న కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కుల్లు జైన్, బాబా," అన్నాడు. "అంతా బాగుంది. గాలి బాగుంది. ఎండ బాగుంది. నీళ్ళు బాగున్నాయి."

బాబా ముఖం వెలిగిపోయింది. "యల్లా!" అని లేవబోయాడు. డ్రైవరన్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇంతా మా తిగ్దర్, బాబా," అన్నాడు. మీరు వెళ్ళలేరు అని. "రోజు మంచిదే. మనమే వెళ్ళలేం."

ఇప్పుడు ఏడుస్తాడు, ఊపిరి అందదు, ఈ మనిషి ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం ఈ రోజుతో సరి, అనుకున్నాను. బాబా ఏడవలేదు. తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు, ఎవరివో మోకాళ్ళని చూసినట్టు. చాలాసేపు చూశాక ఒక చేయి విడిపించుకుని డ్రైవరన్న తల మీద పెట్టాడు. "ఖలాస్," అన్నాడు మెల్లిగా, ఇక అయిపోయిందని. కాసేపటికి టీవీ పెట్టమన్నాడు.

మర్నాడు ప్లాను లేదు. అన్నీ మర్చిపోయే మనిషి అది ఒక్కటీ మర్చిపోలేదు. డ్రైవరన్న మామూలు వేళకి వెళ్ళి కుర్చీ పక్కన కూర్చున్నాడు. "బాబా, అక్కడ వాన," అన్నాడు. బాబా "జైన్" అని టీవీ చూశాడు. తర్వాత రోజు, "బాబా, ఈరోజు కాకి," అని నల్ల ఈక చూపించాడు. బాబా ఆ ఈకని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. ఏడవడం లేదని మామా సంతోషించింది. తిండి తగ్గిందని నాకు తెలుసు, గిన్నెలు తీసేది నేనే కదా. ఆ వేసవి దాటకుండానే పెద్ద బాబా పోయాడు.

డ్రైవరన్న ఆ రోజు చుట్టాలందర్నీ శ్మశానానికీ ఇంటికీ తిప్పి తిప్పి, చివరికి బండిలోనే కూర్చుండిపోయాడు. నేను నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను.

"నీ మాటిని గాలుందని చెప్పుంటే సరిపోయేదమ్మా," అన్నాడు. "ఏం పోయింది నాకు? ఇంకో వంద రోజులు బతికేవోరు ఆయన."

ముసలాయన వయసైపోయి పోయాడని చెప్పాను. నువ్వు కాదు కారణం అన్నాను. ఆయన బుర్ర ఊపాడు గాని నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ పూర్తిగా నమ్మలేదు.

మామా బండికి వేరే డ్రైవరు ఉన్నాడు, బాబా పోయాక ఇంట్లో రెండో డ్రైవరుతో పని లేకుండా పోయింది. వీసా ఇచ్చిన కఫీల్ మంచివాడే, వేరే చోట చేరడానికి రిలీజ్ ఇచ్చాడు. ఆయన దజీజ్‌లో సామాన్ల వ్యాను తోలే పనిలో చేరాడు. ఎప్పుడైనా శుక్రవారం ఫర్వానియా బస్సు దగ్గర కనిపించేవాడు. మనిషి తగ్గాడు. తువ్వాలు మళ్ళీ భుజం మీదికి వచ్చింది, అడిగేవాళ్ళు లేరు కదా. ఒకసారి నాకు నంబరు చూపించబోతూ ఫోన్ తెరిస్తే, అదే ఊరి వాతావరణం పైన కనిపించింది.

"ఇంగా ఎవరికోసరం నా ఇది?" అన్నాను.

"అలవాటమ్మా," అని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాను. మేం మాట్లాడుకున్న ఆఖరి మాట అదే. ఇంకొంచెం నిలబడి మాట్లాడినా ఏమీ పోయేది కాదు, వెనకాలే ఇంకో బస్సు ఉంది.

ఆయన శవపెట్టె ఊరికి చేరి, కార్యక్రమాలు అయ్యాక వాళ్ళావిడ ఫోన్ చేసింది. నేను ఎప్పుడూ చూడలేదు ఆమెని. కానీ ఆయన ఫోన్లో చార్జింగ్ లేనప్పుడల్లా నా ఫోన్‌కే చేసేది, అలా వదినా అని పిలుచుకోవడం అలవాటైంది. కార్యక్రమాల సంగతులు చెప్పాక అసలు మాటకి వచ్చింది.

"వదినగారండీ, ఒక మాట అడుగుతాను, ఏవనుకోకండి. ఆ ముసలాయనతో లండన్ ఎల్లొచ్చానని చెప్పారండి ఈయన, మొన్న వొచ్చినప్పుడు. నిజవేనాండి?"

"ఏం చెప్పినాడు వదినా?" అన్నాను.

"ఏదో ఏరంటండి. అడుగున రాళ్ళు లెక్కెట్టొచ్చంటండి. గట్టు మీద ముసలాయన కుర్చీలో కూర్చున్నారంట. నాకు చేతులు ఆడట్లేదు, నువ్వే వెయ్యరా అని కర్ర ఈయన చేతికిచ్చేశారంటండి. ఈయనే వేశారంట. మొదట్లో దారం చెట్టుకి చుట్టుకుపోయిందంట, ముసలాయన తిట్టారంట. రెండోసారి పడిందంటండి, మూరెడు చేప."

ఆయన నోట ఒక్క చిన్న అబద్ధం పలకనందుకే కదా ఈ ఇంట్లో అంత జరిగింది. అలాంటి మనిషి ఊరెళ్ళి ఇంత కట్టి చెప్పాడు. అందులోనూ గేలం తనే వేశాడు. అన్నేళ్ళు రోజూ వేసిన ప్లానులో ఆయనెప్పుడూ వల పట్టుకుని వెనక నిలబడినవాడే. తనకీ ఒక్కసారి వేయాలని ఉండేదని బాబాకి తట్టలేదు, పక్కనే తిరిగే నాకూ తట్టలేదు. ఆ సంగతి ఆయన పోయాక, అదీ ఆవిడ నోటి వెంట తెలియడం నాకు చాలా బాధగా అనిపించింది.

"అది చెప్పినప్పుడు ఎంత నవ్వారోనండి," అంటోంది ఆమె. "ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూళ్ళేదండి. పిల్లలు మాత్రం నమ్మట్లేదండి. డ్రైవరుని ఎవరు తీసుకెళ్తారు, నాన్న ఊరికే చెప్పాడంటారు. మీరా ఇంట్లోనే ఉన్నారు కదండీ."

నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. అలాంటి రెండు మాటలు ఒక మనిషిని ఏం చేశాయో నేను కళ్ళారా చూశాను.

"పోయినారు వదినా," అన్నాను. "గాలి బాగుండే దినం చూసుకోని పోయినారు. నేనే సద్ది కట్టిచ్చినా."

అవతల ఆమె ఏడుపు వినిపించింది.

"అయితే ఆ ఒక్క రోజన్నా ఆయన కోసం ఆయన ఉన్నారండి," అంది. "ఉండండి వదినగారూ, పిల్లల్ని పిలుత్తాను. స్పీకర్లో పెడతాను. మొదట్నించీ చెప్పండి, వాళ్ళూ వింటారు."

వద్దనేలోపే అటు కుర్చీలు జరిపిన చప్పుడు వినిపించింది. ఎవరో టీవీ ఆపారు. అందరూ నా మాట కోసం ఎదురుచూస్తున్నారు.

"ఆ దినం మీ నాయన తెల్లారకముందే లేచినాడు," అని మొదలుపెట్టాను. మధ్యలో ఏడవకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.